పోయినేటి ఆవకాయ

నిన్న సాయంత్రం మా అమ్మాయి తెలుగు వర్క్‌బుక్ తెచ్చి నా ముందు పడేసింది. ఎడమ పక్క మాటలు, కుడి పక్క అర్థాలు, గీతలు గీసి కలపాలట. ఛాందసం, మూఢనమ్మకం, పిడివాదం, నిష్ఠ, పట్టింపు.

"అమ్మా, అన్నీ ఒకేలా ఉన్నాయి. వీటిల్లో మంచి మాటలేవి, తిట్లేవి?" అంది.

నాకు నవ్వొచ్చింది. దాని వయసుకి నాకు ఈ మాటలన్నీ కంఠతా వచ్చు. బళ్ళో నేర్చుకోలేదు. మా ఇంట్లో కంచంలో ఉప్పూ నెయ్యీ పడ్డట్టే ఇవీ పడేవి. ఎవరు ఎవరిని అంటున్నారన్నదే అసలు సంగతి. మనం చేస్తే నిష్ఠ, ఎదుటివాళ్ళు చేస్తే ఛాందసం. దానికి ఆ మాటే చెప్పబోయి ఆగిపోయాను. బల్ల మీద బుట్టలో నాలుగు రోజుల కిందట కొన్న మామిడికాయలున్నాయి. ఇంకా ఎవరం ముట్టలేదు.

మా ఇల్లు అశ్వారావుపేట అవతల, అడవి అంచున, పామాయిల్ తోట నడిమధ్యలో ఉండేది. మా తాత గోదావరి అవతల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. నాకు ఊహ తెలిసేసరికి తాత లేడు. అమ్మ నా నాలుగో ఏట జ్వరంతో పోయింది. దవాఖానాకి తీసుకెళ్ళడం ఆలస్యమైంది. ఎందుకు ఆలస్యమైందన్నదానికి నాన్న దగ్గర ఒక కథ, నాయనమ్మ దగ్గర ఒక కథ ఉండేవి. తాయెత్తులూ మొక్కులూ అంటూ రెండు రోజులు పోగొట్టింది నువ్వేనని నాన్న అనేవాడు. మీటింగులని తిరుగుతూ మూడో రోజుకి ఇల్లు చేరింది నువ్వేనని నాయనమ్మ అనేది. ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా రెండూ నిజమే.

చుట్టుపక్కల ఇంకో ఇల్లు లేదు. ఎటు చూసినా ఒకే ఎత్తు చెట్లు, ఒకే నీడ. మిల్లు వైపు నుంచి గాలి తిరిగితే ఉడికిన పళ్ళ కమురు వాసన ఇంట్లోకి వచ్చేది. ఎండాకాలం మొదట్లో మాత్రం అడవి వైపు నుంచి ఇప్పపూల వాసన వచ్చి దాన్ని తోసేసేది. మధ్యాహ్నాలు ఎక్కడో ఒక గెల దబ్బున కింద పడేది. ఆ చప్పుడుకి అరుగు మీద కూర్చున్న నేను ఎవరైనా వచ్చారేమోనని తలెత్తి చూసేదాన్ని. ఎవరూ వచ్చేవారు కాదు.

నాయనమ్మకి మడి. మా కులంలో అంత మడి ఎవరికీ లేదు, ఈవిడ ఎక్కణ్ణుంచి తెచ్చుకుందో గాని చచ్చేదాకా విడవలేదు. తడిబట్ట కట్టుకుని వంట ముగించేదాకా ఆవిడ గాలి కూడా నాకు తగలకూడదు. ఇక ఆవకాయ జాడీ అయితే సాక్షాత్తూ రామయ్య గర్భగుడే. మడి లేని చెయ్యి పడితే బూజు పడుతుందట. జాడీ మూతికి గుడ్డ కట్టి, ఆ ముడి తనే వేసేది, తనే విప్పేది.

నాన్న దీనికి సరిగ్గా ఎదురు, మూఢనమ్మకాల మీద ఊరూరా మీటింగులు పెట్టే నాస్తికుడు. ఇంట్లో పండగ లేదు, పటం లేదు, నా నుదుట బొట్టు లేదు. అమ్మ తద్దినం కూడా లేదు. నాయనమ్మ ఆ రోజు దొంగచాటుగా ఒక ముద్ద తీసి పెరటి గోడ మీద పెట్టేది.

"కాకి తింటే నీ కోడలి కడుపు నిండుద్దా?" అని అరిచేవాడు నాన్న.

"నీ పిడివాదం నీదిరా! నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు," అని నాయనమ్మ కళ్ళొత్తుకునేది. పిడివాదం అన్న మాట ఆవిడ నాన్న స్నేహితుల నోటే విని పట్టుకుంది. అది ఆవిడ చేతికి దొరకడం నాన్నకి మహా కోపం.

ఇద్దరికీ నన్ను చూసే తీరిక ఉండేది కాదు. నాన్న నన్ను దగ్గరికి తీసుకున్నది నాకు బాగా గుర్తున్న సందర్భం ఒక్కటే. ఒకనాడు ఆరేసిన మడిబట్టని కర్ర కొసతో తాకి, నాయనమ్మకి చెప్పకుండా ఊరుకున్నాను. ఆవిడ ఆ బట్టే కట్టుకుని వంట చేసింది. సాయంత్రం నాన్న చెవిలో చెప్పాను, "నేను ముట్టుకున్నా. ఏమీ కాలేదు." నాన్న పకపకా నవ్వి నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. "శభాష్! పరీక్షించి తెలుసుకోవాలి. శాస్త్రమంటే ఇదే," అన్నాడు. ఆయన చొక్కాకి సిగరెట్టూ చెమటా కలిసిన వాసన. ఆ వాసన అంత దగ్గరగా మళ్ళీ రావాలంటే ఇంకో మూఢనమ్మకం దొరకాలని నాకు అర్థమైంది.

నాకు ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు మా తోటలో పనిచేసే ఒకామె కూతురు. కాలవ అవతల కోయగూడెం వాళ్ళది. తల్లి రాలిన పామాయిల్ పళ్ళు ఏరుతుంటే ఈ పిల్ల మా అరుగు దగ్గరికి వచ్చేది. బడికి ఇద్దరం కలిసే నడిచేవాళ్ళం. ఏ తునికిపండు తియ్యన, ఏది వగరు అన్నది చెట్టు కింద నిలబడి చెప్పేసేది. నాతో తెలుగు, వాళ్ళమ్మతో వాళ్ళ భాష. ఎక్కువ మాట్లాడేది కాదు. నేను రెండింతలు మాట్లాడేదాన్ని కనుక సరిపోయేది.

ఆ పిల్లకి మా ఇంట్లో వేరే గ్లాసు ఉండేది, అరుగు చూరులో. నాయనమ్మ పెట్టిన ఏర్పాటు. సమానత్వం గురించి గంటలు గంటలు మాట్లాడే మా నాన్న ఆ గ్లాసుని మాత్రం ఎన్నడూ కిందికి దించలేదు. ఆయన కంటికి అది ఆనలేదనుకుంటాను.

ఆ పిల్లకి మా ఆవకాయంటే ప్రాణం. నాయనమ్మ పైనుంచి ఆమె అన్నంలోకి ఒక ముక్క జారవిడిచేది. ఆ పిల్ల ఆ ముక్కని చివరిదాకా దాచుకుని, టెంక చీకి చీకి తెల్లగా చేసేది.

ఒక ఏడు వానల్లో ఆ పిల్ల నాన్న పోయాడు. చెట్టు మీది నుంచి పడ్డాడని చెప్పారు. వారం రోజులు బడికి రాలేదు, తర్వాత వచ్చింది. నేనేమీ అడగలేదు, ఆమె ఏమీ చెప్పలేదు. తల్లి లేని పిల్లనని నన్ను అందరూ అడిగేవాళ్ళు కదా, అలా అడిగితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ ఒక్క విషయంలో నేను మంచిగా ఉన్నాననుకుంటాను.

ఎండలు ముదిరాయి. మా పెరట్లో మామిడి పిందెలు కాయలయ్యాయి. గాలికి రాలినవాటిని ఆ పిల్ల ఏరి, ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన పీల్చి, నా గౌను ఒళ్ళో వేసేది. ఒక్కటీ కొరికేది కాదు.

"తినవే, ఉప్పూ కారం తెస్తా," అన్నాను.

"మా గూడెంల పండగ కాలె ఇంక. కొత్త కాయ తినొద్దు."

"తింటే ఏమవుద్ది?"

"ఏమైతదేంది? తినొద్దు, గంతే."

"మరి మా ఆవకాయ తింటావుగా?"

"అది పోయినేటిది. పోయినేటి కాయ పోయినేడే పండగల పెట్టినం. మా నాయన గూడ తిన్నడు. ఈ యేటిది ముందు మా నాయన తినాలె, ఎన్కకు మేం తింటం."

"మీ నాయన లేడుగా?" అన్నాను.

ఎంత తేలిగ్గా అన్నానో! ఆమె చేతిలో ఉన్న కాయని నా ఒళ్ళో వేసి, ఇంకోటి ఏరడానికి వంగింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర నాన్నకి చెప్పాను. "చూశావా, పసిపిల్లల నోటికాడ కాయ కూడా తిననివ్వవు ఈ మూఢనమ్మకాలు," అన్నాడు నాన్న. చాలాసేపు మాట్లాడాడు. మాట్లాడినంతసేపూ నా వైపే చూశాడు. అంతసేపు ఆయన నన్ను చూడటం అదే మొదలు. నేను అన్నం తినడం మర్చిపోయాను.

శ్రీరామనవమి వచ్చింది. బడిలో డబ్బులు కట్టిన పిల్లలందరినీ వ్యానులో భద్రాచలం కల్యాణానికి తీసుకెళ్తున్నారు. నేనూ వెళ్తానన్నాను. నాన్న ఒప్పుకోలేదు. "పోనీ నా వెంట రానీరా, పసిది," అని నాయనమ్మ బతిమాలింది. మొండివాడు రాజుకంటే బలవంతుడు కదా, వల్లకాదన్నాడు. నాయనమ్మ ముందు రోజు తెల్లారగట్లే బస్సెక్కి వెళ్ళిపోయింది. నవమి నాడు నాన్నకి ఖమ్మంలో మీటింగు. నన్ను ఆ పిల్ల వాళ్ళమ్మకి అప్పజెప్పి ఆయనా వెళ్ళాడు. వ్యాను మా తోట పక్కనుంచే పోయింది. పిల్లలు కిటికీల్లోంచి చేతులు ఊపుతూ కేకలు పెట్టారు. నేను గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపాను. దుమ్ము అణిగేదాకా అక్కడే ఉన్నాను. వ్యాను వైపు పరుగెత్తాలనీ ఉంది, నాన్న చేత శభాష్ అనిపించుకోవాలనీ ఉంది.

రెండోదానికి ఏర్పాటు అప్పటికే చేసి పెట్టుకున్నాను. ముందు రోజు నాయనమ్మ బస్సెక్కిన పూటే జాడీ ముడి విప్పాను. మడీ లేదు, స్నానం కూడా లేదు. పోయినేటి ఆవకాయ అడుక్కి వచ్చేసింది, ముక్కలు అయిపోయి గుజ్జు మాత్రం ఉంది. చేత్తోనే నాలుగు ముద్దలు గిన్నెలోకి తీశాను. పెరట్లో రాలిన కొత్త కాయలు రెండు కోసి, ఆ గుజ్జులో కలిపి, పైన నూనె పోసి మూత పెట్టాను. ఒకే దెబ్బకి రెండు మూఢనమ్మకాలు, నాయనమ్మదీ ఆ పిల్లదీ. నాన్న ముఖం ఎలా వెలుగుతుందో తలచుకుంటూ ఆ పూటంతా ఒంటరిగా గడిపేశాను.

నవమి మధ్యాహ్నం ఆ పిల్లని అన్నానికి పిలిచాను. చూరులో గ్లాసు వద్దని చెప్పి ఇంట్లో గ్లాసులో నీళ్ళు పోశాను. వంటింట్లోకే రమ్మన్నాను. రాలేదు, గడప అవతల కూర్చుంది. వేడన్నంలో ఆవకాయ వేశాను. ఆమె ముక్కని వేలితో కదిపి చూసింది.

"పోయినేటిదేనా?"

"అవ్, పోయినేటిదే."

కొరికింది. కరకరమంది.

"ముక్క మెత్తబడలేదేంది?"

"మా నాయనమ్మది మడి ఆవకాయ. ఏడాదైనా మెత్తబడదు," అన్నాను. మడి మీద నాకు నమ్మకం లేదు గాని, అబద్ధానికి భలే అక్కరకొచ్చింది.

ఆమె నవ్వింది. నా మాట మీద ఆమెకి ఉన్న నమ్మకం ఎంతంటే ఇంకో ముక్క అడిగింది. ఎప్పట్లాగే చివరిదాకా దాచుకుని, తీరిగ్గా తింది. నేను ఎదురుగా కూర్చుని చూశాను. పిడుగు పడలేదు, కడుపు నొప్పి రాలేదు. మధ్యాహ్నమంతా ఇద్దరం వామనగుంటలు ఆడుకున్నాం. నాకు ఆటలో మనసు లేదు, సాక్షి కోసం చూస్తున్నాను.

సాయంత్రం వాళ్ళమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. నేను వాళ్ళిద్దరి ముందూ నిలబడి, నాన్న మీటింగులో నిలబడేలాగే నడుం మీద చెయ్యి పెట్టుకుని చెప్పాను. "ఇది మధ్యాహ్నం కొత్త మామిడికాయ తిన్నది. రెండు ముక్కలు. ఏమైంది? ఏమీ కాలేదు. అదంతా మూఢనమ్మకం."

ఆ పిల్ల నన్ను చూసింది. కోపంగా కాదు. నేనేదో భాషలో మాట్లాడితే అర్థం కానట్టు చూసింది.

"పోయినేటిదన్నవ్ గదా?" అంది.

నేను మళ్ళీ మొదలుపెట్టబోయాను. ఆమె లేచి కుళాయి దగ్గరికి పోయి నోరు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. వేలు గొంతులోకి పెట్టుకుంది, ఏమీ రాలేదు. అప్పుడు ఏడ్చింది. వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా నా ముందు ఏడవని పిల్ల.

"ఎంత పని చేసినవ్ పాపా," అంది వాళ్ళమ్మ.

"భయపడొద్దని చెప్పండి. దేవుడు ఏమీ చెయ్యడు," అన్నాను.

"దేవుడేందో చేస్తడని దానికి భయం లేదు. మా పండగల పోయినోళ్ళకు ముందు పెడ్తం. వాళ్ళ నాయనకు పెట్టుడు ఇదే మొదలు. మంచి కాయ సూసి నేనే పెడ్తనని చెట్లెంబడి తిరుగుతాంది ఇన్నొద్దులు. ఆయన తినకముందే నేనెట్ల తిన్ననే అమ్మా అని ఏడుస్తాంది."

ఇద్దరూ వెళ్ళిపోయారు. ఆమె నీళ్ళు తాగిన మా గ్లాసు గడప దగ్గరే ఉంది.

నాన్న చీకటిపడ్డాక వచ్చాడు. చెప్పాను. నోరు కడుక్కున్న సంగతి చెప్పలేదు, ఏడ్చిన సంగతీ చెప్పలేదు. "శభాష్!" అని వీపు తట్టాడు. ఏడాదంతా ఎదురుచూసిన మాట. సిగరెట్టూ చెమటా వాసన కూడా వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. నిద్రొస్తోందని చెప్పి వెళ్ళి పడుకున్నాను.

నాయనమ్మ కొంగున తలంబ్రాలు ముడేసుకుని మరుసటి రోజు వచ్చింది. జాడీ ముడి చూడగానే ఆవిడకి తెలిసిపోయింది. పది రోజులకి ఆ జాడీలో బూజు కూడా పట్టింది. మడి లేని చెయ్యి పెట్టింది గనకేనని నాయనమ్మ, తడి చెయ్యి పెట్టింది గనకేనని నాన్న, ఇద్దరూ నెల రోజులు హాయిగా పోట్లాడుకున్నారు. నా చెయ్యి అసలు అందులోకి ఎందుకు పోయిందో ఎవరూ అడగలేదు.

ఆ పిల్ల అరుగు దగ్గరికి రావడం మానేసింది. బడి దారిలో నాకు పది అడుగుల ముందు నడిచేది. వాళ్ళమ్మని అడిగాను, గూడెంలో ఏమైనా అన్నారా అని. "పూజారినడిగిన పాపా. తెలవక తింటే తప్పేం లేదన్నడు. ఇదే ఇంటలేదు. ఈ యేడంత మామిడికాయ ముట్టనంటది," అంది. గూడెం పెద్దలు మా ఇంటి పెద్దలకంటే చాలా నయమని నాకప్పుడు తెలిసింది.

ఒకరోజు పరుగెత్తి ఆ పిల్ల ముందుకెళ్ళి నిలబడ్డాను. నా జామెట్రీ బాక్సు ఇవ్వబోయాను. తీసుకోలేదు.

"కోపమా?"

"కోపం లేదు."

"మరి రావేం?"

ఆమె ఎప్పుడూ ఆలోచించే చెప్పేది. "ఇగ నువ్వేం పెట్టినా అడిగి తినాలె. అడిగినా, నువ్వు చెప్పింది నమ్మాలె గదా," అంది.

పక్కకి తప్పుకున్నాను. ఆమె నడిచి వెళ్ళిపోయింది.

పండగ ఆలస్యంగా, ఎండలు చివరికొచ్చాక చేశారు. పొద్దుటి నుంచీ కాలవ అవతల డోలు మోత. అరుగు మీద కూర్చుని విన్నాను. ఏ కాయ ఎంచుకుందో, ఎలా పెట్టిందో నాకు తెలియదు. జూన్‌లో ఆమెని దూరాన ఆశ్రమ పాఠశాలలో చేర్చారు. ఆ తర్వాత మేం మాట్లాడుకోలేదు. బడి దారిలో నేనొక్కదాన్నే నడిచాను, రెండేళ్ళు.

ఆ ఏడు నేను కూడా మామిడికాయ ముట్టలేదు. నాన్న తర్కించాడు, కోప్పడ్డాడు, చివరికి "నీదీ ఛాందసమేనే!" అన్నాడు. నేను పెరుగన్నం కలుపుకున్నాను. మరుసటేడు కూడా గూడెంలో పండగయ్యేదాకా తిననన్నాను. ఈసారి ఆయన తర్కానికి దిగలేదు. కొన్ని రోజులకి బయటి నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ, నా వైపు చూడకుండా, "కాలవ అవతల ఇవాళ పండగట. ఇక తింటావేమో," అన్నాడు.

అది మొదలు. నాయనమ్మ పోయింది. నేను చదువుకనీ పెళ్ళనీ ఖమ్మం వచ్చేశాను. నాన్న తోట అమ్మేసి సత్తుపల్లికి మారాడు. ఎంత దూరంలో ఉన్నా, ఏడాదికోసారి ఎండాకాలంలో ఫోన్ చేసేవాడు. ఆ పిల్ల వాళ్ళమ్మ నంబరు దాచుకుని, ఆమెని అడిగి కనుక్కుని మరీ చేసేవాడు. దేవుడంటే మండిపడే మనిషి, కొడుకు పెళ్ళి ముహూర్తం అడిగినట్టు పండగ ఏ రోజో అడిగేవాడట. "అయింది. తిను," అనేవాడు. ఎందుకని నన్ను ఎప్పుడూ అడగలేదు. నేనూ చెప్పలేదు. నవమి నాటి సంగతి పూర్తిగా ఆయనకి ఎప్పుడూ చెప్పలేకపోయాను.

మొన్న పుష్యమాసంలో నాన్న పోయాడు. ఏ కర్మకాండా వద్దని రాసిపెట్టి మరీ పోయాడు. ఆయన అన్నట్టే చేశాం. ఆయన పాత ఫోనులో ఆ పిల్ల వాళ్ళమ్మ నంబరు వెతికి చేశాను, కలవడం లేదు. గూడెంలో పండగైందో లేదో ఇప్పుడు నాకు చెప్పేవాళ్ళు లేరు. అయినా బజార్లో కాయలు కనిపిస్తే కొనేశాను. నాలుగు రోజులుగా బల్ల మీద పెట్టి చూస్తున్నాను.

మా అమ్మాయి గీతలన్నీ గీసేసి పుస్తకం మూసింది. బుట్టలోంచి ఒక కాయ తీసి, వాసన చూసి, కొరకబోయింది.

"ఉండు," అన్నాను. "ముందు తాతయ్య తినాలి."

నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. నాన్న వింటే ఎన్ని గంటలు మాట్లాడేవాడో!

అది నన్ను వింతగా చూసింది.

"తాతయ్య లేడుగా?" అంది.

నేను దాని చేతిలోంచి కాయ తీసుకుని, బుట్టలో ఉన్నవాటిల్లో ఇంతకంటే మంచిది ఉందేమోనని వెతకడం మొదలుపెట్టాను.